పాఠకుల ప్రశ్నలు: కృష్ణ వెంట ఒక ఏడాది

ఏడాది చివరి సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రయాణాల గురించే ఉన్నాయి. అన్నిటికీ జవాబు చెప్పడానికి చోటు చాలదు కనుక పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన నాలుగింటిని ఇక్కడ తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడవుగా ఉంటుంది. ఆ పాఠకురాలు అడిగిన విషయం అంతటిది.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమణ పొందాను. మా అక్కా నేనూ ఈ ఏడాదంతా వీలు చిక్కినప్పుడల్లా ఆర్టీసీ బస్సుల్లో తిరిగాం. వాడపల్లి, నాగార్జునసాగర్, అలంపురం, సోమశిల, కొల్లాపురం, పానగల్లు చూశాం. బస్సు టికెట్లన్నీ ఒక డబ్బాలో దాచాను. చిన్న నోటుపుస్తకంలో అక్కడక్కడ నాలుగు మాటలు రాసుకున్నాను. ఇప్పుడు మనవలకు చదివి వినిపించేలా ఈ ప్రయాణాలను రాద్దామని కూర్చుంటే ఒకదానికొకటి పొంతన కుదరడం లేదు. పైగా మా అబ్బాయి, “ఇవన్నీ మన చుట్టుపక్కలవే కదమ్మా, యాత్ర అంటే కాశీకో కేదారానికో పోవాలి” అంటున్నాడు. నెలల వారీగా రాయాలా, ఊళ్ల వారీగా రాయాలా? అలంపురం దగ్గరి సంగమేశ్వరాలయాన్ని వేరే చోటి నుంచి తెచ్చి కట్టారని బస్సులో ఒకామె చెప్పింది. అది నిజమేనా? — ఒక పాఠకురాలు, మిర్యాలగూడ.

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగతా రెండిటి జవాబూ అందులోనే దొరుకుతుంది. బస్సులో ఆమె చెప్పింది నిజమే. ఆ గుడి మొదట కూడవెల్లిలో, తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోట ఉండేది. అది బాదామి చాళుక్యుల కాలపు కట్టడం. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో కూడవెల్లి మునుగుతుందని తేలాక పురావస్తు శాఖవారు ఆ గుడి రాళ్లకు వరుసగా అంకెలు వేసి, ఒక్కొక్కటిగా విప్పి, అలంపురానికి చేర్చి, ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ పేర్చి నిలబెట్టారు. పాపనాశనం దగ్గర ఉన్న ఇరవైకి పైగా చిన్న గుళ్లు కూడా అలాగే స్థలం మారినవే. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే పేర్లతో ఉన్న నవబ్రహ్మాలయాలు మాత్రం ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన చోటనే ఉన్నాయి. ప్రాజెక్టు నీరు వాటి మీదికి రాకుండా అలంపురానికి కట్టను అడ్డంగా పోశారు. ఇక్కడే మరొక మాట చెప్పాలి. వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడి, వానాకాలం తర్వాత మళ్లీ మునిగిపోయే సంగమేశ్వరం ఆంధ్ర వైపున వేరే ఉంది. పేరు ఒకటే కావడం వల్ల రెండింటినీ కలిపి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మీ పుస్తకంలో ఈ తేడాను తప్పకుండా రాయండి.

ఇప్పుడు మీ జాబితాను ఇంకొకసారి చూడండి. కొల్లాపురంలో మీరు చూసిన మాధవస్వామి ఆలయం, గోడల మీద విష్ణువు ఇరవైనాలుగు రూపాలను చెక్కిన ఆ గుడి, ఒకప్పుడు మంచాలకట్టలో కృష్ణ ఒడ్డున ఉండేది. సోమశిల గుళ్లదీ, దగ్గరలోని జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయానిదీ అదే కథ. శ్రీశైలం వెనుక జలాలు వస్తున్నాయని వాటిని ఎత్తైన చోటికి తెచ్చి కట్టారు. ఇక సాగర్ దగ్గర ఇక్ష్వాకుల విజయపురి మొత్తం నీటి కిందికి పోయింది. 1954 నుంచి 1960 వరకు ఆ లోయలో తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలనూ కొన్ని కట్టడాలనూ కొండ మీదికి తరలించారు కాబట్టి ఈనాడు మనం లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియంకు పోగలుగుతున్నాం. మీరు ఈ ఏడాది ఏ గుళ్లను చూడబోయారో వాటిలో చాలా మటుకు మీకంటే ముందే తామే ప్రయాణం చేసి వచ్చినవి. ఇవన్నీ ఒకే నది వెంట, ఒకే కారణంతో జరిగాయి.

అందువల్ల నెలల వరుసనూ ఊళ్ల వరుసనూ పక్కన పెట్టి నది వరుసలో రాయమని నా సలహా. మీరు జూన్‌లో సోమశిలకూ అక్టోబరులో అలంపురానికీ వెళ్లి ఉండవచ్చు. పుస్తకంలో మాత్రం అలంపురమే ముందు రావాలి, ఎందుకంటే నీరు ముందు అక్కడికి వస్తుంది. కృష్ణ మన రాష్ట్రంలోకి నారాయణపేట జిల్లాలో, తంగిడి దగ్గర భీమను కలుపుకుంటూ ప్రవేశిస్తుంది. అక్కడికి మీరు ఇంకా పోలేదు కాబట్టి ఆ మొదటి పేజీని ఖాళీగా ఉంచండి. ఆ ఒడ్డునే ముడుమాల్‌లో నిలువురాళ్లు ఉన్నాయి. మూడు వేల సంవత్సరాలకు పైబడిన ఆ రాళ్లు 2025 మార్చిలో యునెస్కో వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడి నుంచి జూరాల, తర్వాత అలంపురం, సోమశిల, శ్రీశైలం, సాగర్, చివరికి మూసీ వచ్చి కలిసే మీ వాడపల్లి. వాడపల్లి నరసింహస్వామి గర్భాలయంలో స్వామి ముఖం దగ్గరి దీపం ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతూ ఉంటే, పాదాల దగ్గరిది నిలకడగా వెలుగుతుందని భక్తులు చెప్పుకొంటారు. మీకు అక్కడ ఏమి కనిపించిందో మీ మాటల్లో రాయండి. మనవలు మొదట అడిగేది అదే.

పానగల్లు ఈ వరుసలో ఇమడదని మీకు అనిపించవచ్చు, అది నది ఒడ్డున లేదు గదా. కానీ పానగల్లు గుళ్ల పక్కన ఉన్న ఉదయసముద్రం చెరువు కందూరు చోళుల కాలంలో తవ్వించింది. ఇప్పుడు అందులోకి వచ్చేది సాగర్ వెనుక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీరే. పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిన నీరు అక్కంపల్లి మీదుగా కాలువల్లో పడి నల్లగొండకు చేరుతుంది. బోరునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను కళ్లారా చూసిన జిల్లా మనది. అలాంటి జిల్లాకు ఆ చెరువులో కృష్ణమ్మ కనిపించడం ఎంత పెద్ద సంగతో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక మిర్యాలగూడ సంగతి సరేసరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీరు వదిలారు. ఆ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లే మీ ఊరి రైసుమిల్లులను నడుపుతున్నాయి. మీరు నదిని వెతుక్కుంటూ ఏడాదంతా తిరిగారు. ఆ నది మీ పుట్టుకకు ముందో వెనుకో కాలువ కట్టించుకొని మీ ఊరికి వచ్చి ఉంది. పుస్తకంలో చివరి అధ్యాయం మీ ఇంటి గురించే కావచ్చు.

మీ అబ్బాయికి ఇంతకంటే వేరే జవాబు అవసరం లేదనుకుంటాను. కాశీకి పోవద్దని నేను అనను, పోగలిగితే తప్పక పోవలసిందే. అయితే 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేకుండా పోయాక, కాపురానికి వచ్చిన ఊరు దాటి పక్క తాలూకా కూడా చూడని ఎందరో తల్లులు, అక్కచెల్లెళ్లు మొదటిసారిగా తమ ఇష్టం మీద గడప దాటారు. ఎవరి అనుమతి కోసమూ చూడకుండా, కొడుకు సెలవు కోసం ఆగకుండా, ఇద్దరు అక్కచెల్లెళ్లు అలంపురం చౌరస్తాలో బస్సు దిగి జోగులాంబ గుడికి వెళ్లడం చిన్న యాత్ర అని ఎవరు అన్నా నేను ఒప్పుకోను.

టికెట్ల డబ్బా గురించి ఒక హెచ్చరిక. కండక్టరు యంత్రంలోంచి వచ్చే టికెట్ మీద అక్షరాలు వేడితో అచ్చయినవి; ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవరులో పెట్టినా కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. ఇప్పటికే కొన్ని టికెట్లు బోసిపోయి ఉంటాయి. మిగిలిన వాటి మీది తేదీ, ఎక్కిన స్టేజీ, దిగిన స్టేజీ ఈ వారంలోనే నోటుపుస్తకంలోకి ఎక్కించండి.

ఒక పని మాత్రం మీరు మళ్లీ వెళ్లి చేయాలని కోరుతున్నాను. గుళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాయో శాఖ కాగితాల్లో ఉంది. వాటి చుట్టూ బతికిన మనుషులు ఎక్కడికి పోయారో అంత శ్రద్ధగా ఎవరూ రాసిపెట్టలేదు. శ్రీశైలం ముంపు కుటుంబాల వారికి ఉద్యోగాలు ఇస్తామని 1986లో వచ్చిన 98వ నంబరు జీవో కోసం కొల్లాపురం ప్రాంతంలో తండ్రుల తర్వాత కొడుకులు కూడా తిరుగుతూనే ఉన్నారు. సోమశిల రేవులో కూర్చుని, అరవై దాటిన ఎవరినైనా “పాత ఊరు ఎటు వైపు ఉండేది?” అని అడగండి. నీటి వైపు చెయ్యి చాపి, ఇక్కడ మా కల్లం, అక్కడ బొడ్రాయి, ఆ పక్కన పీర్ల చావిడి అని చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. పదేళ్ల తర్వాత ఉంటారని నమ్మకం లేదు.

ప్రశ్న: మాది దేవరకద్ర దగ్గర ఒక పల్లె. పూణేలో సెంట్రింగ్ పని చేస్తాను. ఈ ఏడాది ఎన్ని రైళ్లు ఎక్కానో, ఎన్ని సైట్లు మారానో నాకే లెక్క లేదు. మీ పత్రికలో అందరూ యాత్రల గురించి రాస్తుంటే చదువుతాను. పొట్టకూటి కోసం తిరిగినదాన్ని కూడా ప్రయాణం అనుకొని గుర్తుపెట్టుకోవాలా, మరిచిపోవడం మేలా? — ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా.

జవాబు: తమ్ముడూ, మరిచిపోవద్దు. పాలమూరులో ప్రయాణం అనే మాటకు మొదటి అర్థం వలసే. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, తట్టా పారా మూట కట్టుకొని వెళ్లిన తరాలు మన వెనుక ఉన్నాయి. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు పాలమూరు కూలీలు మట్టి మోశారు. పైన మిర్యాలగూడ అమ్మకు చెప్పిన జవాబులో ప్రాజెక్టుల తేదీలు రాయగలిగాను, శంకుస్థాపన చేసినవారి పేర్లు రాయగలిగాను. మట్టి మోసినవారు ఏ ఊరి నుంచి ఏ బండి ఎక్కి వచ్చారో, ఎక్కడ పడుకున్నారో, ఎవరు తిరిగి రాలేదో రాయడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. చదువు అందని ఆ తాతలు రాయలేకపోయారు. మీరు రాయగలరు, ఈ ఉత్తరమే అందుకు సాక్ష్యం.

పెద్ద రాత అవసరం లేదు. ఏ తేదీన ఊరు విడిచారు, ఏ స్టేషనులో దిగారు, సైటు దగ్గర రేకుల షెడ్డులో ఎంతమంది ఉన్నారు, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, రోజు కూలి ఎంత, జ్వరం వస్తే ఎవరు చూశారు అన్నవి చాలు. ఫోనులోనే మాట్లాడి రికార్డు చేసి పెట్టుకున్నా సరే. కూలి బాకీ పడితే ఈ తేదీలే మీకు ఆధారం అవుతాయి కూడా.

ఇక వచ్చిన ప్రయాణాలను వేరుగా రాసుకోండి, పోయిన వాటికంటే అవి మనసుకు దగ్గరగా ఉంటాయి. కార్తీకంలో కురుమూర్తి జాతరకు మీ వైపు వలస వెళ్లినవాళ్లంతా తిరిగి వస్తారు. మీరు కూడా వచ్చే ఉంటారు. చిన్నవడ్డెమాన్‌లో దళితులు నియమంతో తయారుచేసిన స్వామివారి పాదుకలను ఊరేగింపుగా తెచ్చే ఉద్దాల ఉత్సవం నాడు, జనంలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని నడుస్తూ “నువ్వెప్పుడొచ్చినవ్, ఎన్నొద్దులుంటవ్” అని పలకరించుకునే ఆ మాటలను యాత్ర కథలో మొదటి పేజీలో పెట్టినా తక్కువే.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్నేహితులతో కలిసి ఈ ఏడాది తిరిగిన చోట్ల ఫోటోలు ఫోను నిండా ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే ఏది ఎక్కడిదో తెలియడం లేదు. మా సూర్యాపేట పక్కన పిల్లలమర్రి, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి రెండూ ఒకే పేరుతో కలిసిపోయాయి. ఈ ఫోటోలతో ఏమి చేయాలి? — ఒక విద్యార్థిని, సూర్యాపేట.

జవాబు: ముందు ఆ రెండింటినీ విడదీయండి. మీ ఊరి పక్కది గుళ్ల ఊరు. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించింది. ఒక స్త్రీ పేరు మీద నిలిచిన గుడి కాబట్టి, మీరు తీసిన ఫోటోలలో శాసనం ఉన్నది ఏదైనా ఉంటే దాన్ని అన్నిటికంటే పైన పెట్టండి. మహబూబ్‌నగర్‌ది చెట్టు. ఊడలు దిగి దిగి నాలుగు ఎకరాల దాకా పరుచుకున్న ఆ మర్రికి చెద పట్టి కొమ్మలు విరుగుతుంటే, 2018లో కొమ్మలకు రంధ్రాలు చేసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టే సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. చాలాకాలం సందర్శకులను లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు మీరు దాని నీడలో నిలబడి ఫోటో దిగగలిగారంటే ఆ వైద్యమే కారణం.

ఫోటో కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు మాటలు రాయడం మంచి అలవాటే, అయితే కొన్ని సంగతులు ఫోటోకు అందవు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లిన విద్యార్థులు చాలామంది గర్భాలయంలో లింగం వెనుక గోడ మీద పడే నీడను ఒక్క ఫోటో తీసుకొని వచ్చేస్తారు. ఆ ఫోటోలో కనిపించేది మామూలు నీడే. అసలు విశేషం తెలియాలంటే పొద్దున వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా అక్కడే ఉండాలి. బయట పొద్దు తిరుగుతూ ఉంటుంది, ముఖమండపం స్తంభాల నీడలు నేల మీద జరుగుతూ ఉంటాయి, లోపలి నీడ మాత్రం కదలదు. గర్భాలయంలోకి వచ్చేది నేరుగా పడే ఎండ కాకపోవడమే ఇందుకు కారణం. ఆకాశం నుంచి, ఆవరణ నుంచి చెదిరి వచ్చే వెలుగు స్తంభాల మధ్య ఖాళీల గుండా లోపలికి చేరుతుంది. ఆ ఖాళీలు జరగవు కాబట్టి, వాటి మధ్య వెలుగు అందని పట్టీ కూడా జరగదు. మూడు గర్భాలయాలున్న ఆ గుడిలో ఒకదానిలోనే ఈ అమరిక కుదిరేలా స్తంభాలను నిలిపిన శిల్పుల లెక్క ఎంత గట్టిదో చూడండి. వచ్చే ఏడాది మీ స్నేహితులతో అక్కడికి మళ్లీ వెళ్లి, పొద్దున ఒకటి, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒకటి, సాయంత్రం ఒకటి ఒకే చోటి నుంచి ఫోటోలు తీయండి. మూడింటిని పక్కపక్కన పెట్టుకుంటే మీకే అర్థమవుతుంది. మిగతా గుంపు ఫోటోలలో అందరూ కళ్లు తెరిచి ఉన్నవి కొన్ని ఉంచుకొని తక్కినవి తీసేసినా నష్టం లేదు.

ప్రశ్న: ఈ ఏడాది సలేశ్వరం పోవాలని ఎంతో అనుకున్నాను. ఇంట్లో పెళ్లి పడడంతో కుదరలేదు. పోని చోటును కూడా ఏడాది ప్రయాణాల్లో రాసుకోవచ్చా? మళ్లీ ఎప్పుడు వీలవుతుంది? — ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్.

జవాబు: తప్పక రాసుకోండి, ఎందుకు పోలేకపోయారో కూడా రాయండి. సలేశ్వరం అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, నల్లమల లోయలో ఉంది కాబట్టి ఏడాది పొడవునా తెరిచి ఉండదు. చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులు మాత్రమే అటవీ శాఖ యాత్రికులను అనుమతిస్తుంది, ఎన్ని రోజులన్నది ఆ ఏడాదికి ఆ ఏడాది ప్రకటిస్తుంది. శ్రీశైలం రోడ్డు మీద ఫరహాబాద్ దగ్గర అడవిలోకి తిరిగి కొంత దూరం బండి మీద, తర్వాత రాళ్ల దారిలో కాలినడకన లోయలోకి దిగాలి. పైనుంచి జలధార పడే ఆ గుండం పక్కన లింగమయ్యను కొలిచేది, పూజ చేసేది చెంచులు. వారి ఆచారాన్ని వారు చెప్పినట్టే పాటించండి. అది మండే వేసవి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దలను వెంట తీసుకుపోకపోవడం మంచిది. ప్లాస్టిక్ సీసాలు అడవిలోకి తీసుకుపోనివ్వరు, స్టీలు సీసాలో నీళ్లు పెట్టుకోండి. వచ్చే చైత్రానికి నెల ముందే మన్ననూరు చెక్‌పోస్టులో అడిగి తేదీలు తెలుసుకుంటే, ఈసారి పెళ్లిళ్ల ముహూర్తాలు చూసేటప్పుడే ఆ రోజులను విడిచిపెట్టమని ఇంట్లో చెప్పుకోవచ్చు.